దుర్భిణి అర్జీలో ఆరో పాయింటు

ఇప్పుడంటే ఫోనుకి నోటితో చెప్తే అక్షరాలు వాటంతటవే పడిపోతున్నాయి కానీ, నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక అర్జీ పుట్టాలంటే ఇద్దరు మనుషులు, మూడు టీలు, కనీసం ఒక కరెంటు కోత కావలసివచ్చేవి. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడ మీద, రెండో అంతస్తులో మా డీటీపీ, జెరాక్సు షాపు. (మా షాపు అంటే నాది కాదు, ఓనరు గారిది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి దీపాలు పెట్టేవేళ దాకా అందులో ఉడికింది నేను కాబట్టి ఆ మాత్రం చొరవ తీసుకుంటున్నాను.) నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కాలేజీలో వ్యాసరచనకు రెండుసార్లు ఫస్టు ప్రైజు వచ్చింది. ఆ రెండు కప్పులూ నన్ను ఎంత పాడుచేశాయో ఇప్పుడు తలుచుకుంటే నీరసం వస్తుంది. అందరూ అర్జీలు టైపు చేస్తారు, నేను రచించేదాన్ని. ఇంటిపన్ను తగ్గించమని ఒకాయన అర్జీ రాయించుకోవడానికి వస్తే, 'నా బతుకువలెనే పెచ్చులూడుచున్న గోడలు' అని రాసిచ్చాను. ఆయన మెట్లన్నీ మళ్ళీ ఎక్కి వచ్చి, "మా గోడలు బానే ఉన్నాయి కదమ్మా!" అని వాపోయాడు.

మా పెదనాన్నకి కైకలూరు వైపు చేపల చెరువు ఉంది. దానికి కాపలాగా లైసెన్సు తీసుకున్న ఒంటి గొట్టం తుపాకీ కూడా ఉంది. పదహారేళ్ళలో రెండుసార్లు పేల్చాడు, రెండుసార్లూ ఆకాశంలోకే. రెండోసారి ఆ మోతకి పెద్దమ్మ చేతిలో పాలగిన్నె జారిపోయింది. ఆ తరవాత ఇక పేల్చలేదు. (ఆ తుపాకీ వల్ల ఈ లోకానికి జరిగిన నష్టం మొత్తం ఆ పాలే.) మధ్యలో ఎప్పుడో దాని మీద ఒక దుర్భిణి బిగించుకున్నాడు. అలాంటి తుపాకీకి అలాంటిది అక్కర్లేదని తెలిసినవాళ్ళు చెప్తూనే ఉన్నారు. పెదనాన్న వినలేదు. సాయంత్రమయ్యేసరికి తుపాకీ లోపల పెట్టేసి, దుర్భిణి మాత్రం ఊడదీసి తెచ్చుకుని, గట్టు మీద కుర్చీలో కూర్చుని ఒంటికంటితో చెరువంతా చుట్టివచ్చేవాడు.

ఆ ఎండాకాలం ఒక ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు తుపాకులకి అదనంగా తగిలించే దుర్భిణులు, మోత తగ్గించే గొట్టాలు, ఎక్కువ తూటాలు పట్టే డబ్బాలు ఎవరి దగ్గరున్నా పదిహేను రోజుల్లో అప్పజెప్పాలని, అభ్యంతరాలుంటే రాసిస్తే విచారణ పెడతామని దాని సారాంశం. మర్నాడే పెదనాన్న బస్సు దిగి, మా మేడమెట్లు ఎక్కి, ఆయాసం తీర్చుకోకుండానే, "అమ్మడూ, కంప్యూటరు తియ్యవే. గవర్నమెంటుతో పనిబడింది," అన్నాడు.

లైసెన్సుదారులందరూ కలిసి పోరాడాలని నిర్ణయమైంది. పక్క లాడ్జి మీటింగు హాల్లో సమావేశం. నేను రాసుకోవడానికి నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాను. వచ్చినవాళ్ళు పదకొండుమంది, అందరూ అరవై దాటినవాళ్ళే. తుపాకులు ఇళ్ళలో పెట్టి, లైసెన్సు పుస్తకాలని ప్లాస్టిక్ కవర్లలో చుట్టుకుని తెచ్చుకున్నారు. రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగడం లేదు. తిరిగే ఫ్యాను కింద కుర్చీల కోసం జరిగిన పోరాటమే ఆ రోజు నేను చూసిన అసలు పోరాటం. ఒకాయన లాల్చీ మీద తోలు తూటాల బెల్టు కట్టుకుని వచ్చారు. అందులో తూటాలు లేవు, ఒక అరలో కళ్ళజోడు, ఇంకో అరలో తమలపాకులు. ఆయనకి నేను మనసులోనే బెల్టు బాబాయ్‌గారని పేరు పెట్టుకున్నాను.

"ఉత్తర్వులో బెల్టుల ఊసే లేదండీ," అన్నాను ఆయనతో, ధైర్యం చెబుదామని.

"ఇవాళ లేదమ్మా," అంటూ ఆయన లేచి నిలబడ్డారు. "ఇవాళ దుర్భిణంటారు. రేపు బెల్టంటారు. ఎల్లుండి గొట్టం ఇచ్చెయ్యమంటారు. ఆఖరికి మన చేతిలో చెక్క మిగులుద్ది. చెక్కకి లైసెన్సెందుకండీ?"

చప్పట్లు మోగాయి. నాకూ కొట్టాలనిపించింది. ఒక రిటైర్డు మాస్టారు మాత్రం, "మోత తగ్గించే గొట్టం ఏ దొంగ చేతిలోనో పడితే ప్రమాదమేనేమో కదండీ," అని మెల్లగా అన్నారు. అందరూ ఆయన వైపు తిరిగి చూశారు. ఆయన టీ తాగుతూ ఉండిపోయారు. తరవాత ఎవరి దగ్గర ఏమున్నాయో రాద్దామని నేను వరసగా అడుగుతూ వెళితే తేలిందేమిటంటే, ఆ పదకొండుమందిలో నిషేధించిన వస్తువు ఉన్నది మా పెదనాన్న ఒక్కడికే. మిగతా పదిమందీ పోగొట్టుకునేది ఏమీ లేకుండానే ఆవేశపడుతున్నారు. దాంతో పెదనాన్నని అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

మీటింగయ్యాక కింద బండి దగ్గర పునుగులు తింటూ అడిగాను. "ఇంత గొడవెందుకు పెదనాన్నా? అది ఇచ్చేసి, విడిగా ఒక దుర్భిణి కొనుక్కుంటే పోలా?"

"అది తుపాకీది. తుపాకీతోనే ఉండాలి," అన్నాడు. ఇంకో రెండు పునుగులు తిన్నాక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అసలు సంగతి చెప్పనా? అది లేకపోతే అవతలి గట్టు మీద కదిలేది మనిషో గేదో తెలీట్లేదే నాకు. ఎవరితో అనకు. మీ పెద్దమ్మకి తెలిస్తే ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళి కళ్ళు కోయించుద్ది."

ఎవరితో అనకు అన్నాడు, నిజమే. నేను విన్నది మాత్రం పెద్దమ్మతో అనకు అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హక్కులు, నిబంధనలు, లైసెన్సు నంబర్లు అంటూ ఐదు పాయింట్లు సిద్ధంగా ఉన్నాయి. ఐదూ గడ్డిపరకల్లా ఎండిపోయి ఉన్నాయి, వాటిలో మనిషి లేడు. మనిషిని చూపిస్తే ఏ ఆఫీసరు మనసైనా కరగకుండా ఎలా ఉంటుంది? మర్నాడు షాపుకెళ్ళగానే ఆరో పాయింటు రచించాను. 'దుర్భిణి లేనిచో ఆవలి గట్టున కదలునది మనిషియో గేదెయో తెలియరాని దుస్థితి నాది. చీకటి కమ్ముచున్న ఈ ముసలి చూపునకు అదియొక్కటే దీపము.' ప్రింటు తీసి నాలుగుసార్లు చదువుకున్నాను. నాలుగోసారి నాకే కళ్ళు చెమర్చాయి.

పెదనాన్న సంతకానికి వచ్చాడు. "ఒకసారి చదువుకో పెదనాన్నా," అని ఇచ్చాను.

"నువ్వు రాసింది మళ్ళీ నేను చదవడమేంటే? సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపించు," అన్నాడు. నా రాత మీద అంత నమ్మకమా అని పొంగిపోయాను. వేలు పెట్టి చూపించాను. వేలికి కాస్త పక్కగా సంతకం పెట్టాడు.

విచారణ రోజున పదింటికి రమ్మన్నారని తొమ్మిదింటికే వెళ్ళి ఆఫీసు వరండాలో బల్లల మీద కూర్చున్నాం. పదకొండయింది, ఒంటిగంటయింది. తెచ్చుకున్న మజ్జిగ అయిపోయింది, నినాదాలు రాసుకొచ్చిన కాగితాలు విసనకర్రలయ్యాయి. మూడింటికి పిలుపు వచ్చేసరికి బెల్టు బాబాయ్‌గారు గోడకి ఆనుకుని గుర్రు పెడుతున్నారు. లోపల ఉన్న ఆఫీసరుగారు ఒకావిడ. బల్ల మీద ఫైళ్ళ గుట్టకి ఇవతల మేమెంత అలిసిపోయామో అవతల ఆవిడా అంతే అలిసిపోయి ఉన్నారు. అర్జీ తీసుకుని ఐదు పాయింట్లూ తలూపుతూ చదివారు. ఆరో దాని దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివారు. కరిగిపోతున్నారని నా గుండె గంతులేసింది.

"ఈ ఆరో పాయింటు మీరు రాయించిందేనాండీ?" అని పెదనాన్నని అడిగారు.

"ఒక్కో ముక్కా నాదేనండీ," అన్నాడు పెదనాన్న, అధ్యక్షుడి గొంతుతో.

"అయితే ఒకసారి మీరే చదివి వినిపించండి."

పెదనాన్న కాగితం అందుకున్నాడు. చెయ్యి బారంతా చాచి పట్టుకున్నాడు. దగ్గరికి లాక్కున్నాడు. కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. అప్పుడు చూశాను నేను, ఆయన కళ్ళు ఆ కాగితం మీద ఎక్కడా ఆనడం లేదు. సంతకం చోటు వేలు పెట్టి చూపించమన్నది ఎందుకో నాకప్పుడు తెలిసింది. పెదనాన్న ఒక్కసారి గొంతు సవరించుకుని గదంతా మారుమోగేలా, "ఆరవది! లైసెన్సు ఇచ్చిననాడు లేని అభ్యంతరం ఈనాడెందుకు వచ్చిందో తెలియపరచవలసిందిగా కోరుతున్నాము!" అని చదివేశాడు.

"అది రెండోదండీ," అని బెల్టు బాబాయ్‌గారు గుసగుసగా అందించారు. ఆ గుసగుస వరండాలో జవానుక్కూడా వినపడి ఉంటుంది.

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరుగారు కాగితం వెనక్కి తీసుకుని, తనే చదివి వినిపించారు. దీపము దాకా, ఒక్క అక్షరం వదలకుండా. నేను ఎంతో ముచ్చటపడి రాసుకున్న ఆ మాటలు పదిమంది మొగవాళ్ళ మధ్య, మా పెదనాన్న మొహం మీద ఒక్కొక్కటే వచ్చి పడుతుంటే నేలలోకి దిగిపోవాలనిపించింది.

"ఎవరు టైపు చేశారిది?" అన్నారావిడ. లేచి నుంచున్నాను. "బాగా రాశావమ్మా," అన్నారు. ఎన్నాళ్ళుగానో ఎవరైనా అంటారా అని నేను ఎదురుచూసిన మాట అది. రావలసిన వేళ చూసుకుని మరీ వచ్చింది.

తరవాత ఆవిడ పెదనాన్న వైపు తిరిగి, కోప్పడకుండానే, "పెద్దాయనా, కదిలేది మనిషో గేదో తెలీనప్పుడు చేతిలో తుపాకీ ఉంటే ఎట్లాగండీ?" అన్నారు.

"నేను పేల్చనమ్మా."

"పేల్చనప్పుడు ఎందుకండీ మరి?"

"ఉండాలి గదమ్మా," అన్నాడు పెదనాన్న.

ఆవిడ కలం అందుకున్నారు. అర్జీ మీద ఏదో రాశారు. దుర్భిణి అప్పజెప్పాలి. కంటి డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చేదాకా తుపాకీ కూడా స్టేషన్లో ఉంచి రసీదు తీసుకోవాలి. ఆ పైన తలెత్తి మిగతా పదిమందినీ వరసగా చూసి, "అన్నట్టు, మీరు కూడా అందరూ కళ్ళు చూపించుకుని సర్టిఫికెట్లు తెచ్చివ్వండి," అన్నారు. మా ఉద్యమం అక్కడితో సద్దుమణిగింది.

ఆటోలో పెదనాన్నతో బస్టాండు దాకా వెళ్ళాను. బస్సెక్కబోతూ ఒక్క మాటన్నాడు. "అందరి ముందూ గుడ్డోణ్ణి చేశావే." బస్సు వెళ్ళిపోయింది. ఎండలో అక్కడే ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. షాపుకి తిరిగొచ్చి, ఆ సాయంత్రమంతా వచ్చినవాళ్ళు చెప్పింది చెప్పినట్టే టైపు చేశాను. ఏ అర్జీలోనూ ఒక్క ఉపమానం కూడా వెయ్యలేదు. ఓనరు గారు ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

సంగతి తెలిసి పెద్దమ్మ అన్నంతపనీ చేసింది, వారం తిరక్కుండా విజయవాడలో కంటి ఆసుపత్రికి తీసుకొచ్చేసింది. నేనూ వెళ్ళాను. పెదనాన్న నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. (చూసినా నేను సరిగా కనపడనని డాక్టరు తరవాత చెప్పాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయట.) ఆ బల్లల మీద మా సంఘం సభ్యులు అప్పటికే నలుగురు ఉన్నారు. బెల్టు బాబాయ్‌గారు బెల్టు లేకుండా, చేతిలో చీటీతో కూర్చుని, "నే చెప్పలా? దుర్భిణి దగ్గర మొదలెట్టి గుడ్లదాకా వచ్చారు," అన్నారు, తన మాటే నిజమైనందుకు ఎంతో సంతోషంగా.

ఆపరేషన్లయ్యాయి. నలభై రోజులు పెదనాన్న నాతో మాట్లాడలేదు. ఫోను చేస్తే పెద్దమ్మ ఎత్తి, "పడుకున్నాడే," అనేది. వెనక నుంచి ఆయన దగ్గు వినపడేది. నలభై ఒకటో రోజున ఆయనే చేశాడు. "ఆదివారం రా," అని పెట్టేశాడు. వెళ్ళాను. గట్టు మీద నల్లకళ్ళద్దాలతో కూర్చుని ఉన్నాడు. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఇంత చిక్కిపోయావేంటే? ఆ మేడమెట్లేనా?" అన్నాడు.

"తప్పయింది పెదనాన్నా. ఎవరితో అనకు అన్నావు..."

"ఎవరితో అనకంటే ఏకంగా గవర్నమెంటుకే రాశావు," అన్నాడు. నీటికాకి ఒకటి మునిగి ఎక్కడో దూరంగా తేలింది. తేలిన చోటు ఆయనే ముందు చూపించాడు. తరవాత జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీశాడు. స్వదస్తూరీతో రాసిన అర్జీ అది. "సర్టిఫికెట్టు వచ్చింది, తుపాకీ ఇచ్చేశారు. దుర్భిణి ఇంకా ఇవ్వలా. ఇది టైపు కొట్టించుకురా."

"కళ్ళు బాగయ్యాయిగా. ఇంకా ఎందుకది?"

"అప్పుడు అవసరమని అడిగాం, వినలా. ఇప్పుడు అవసరం లేదు. ఇప్పుడు ఊరికే అడుగుదాం."

అలా మొదలైంది. అప్పటి నుంచి ఏటా ఎండాకాలంలో ఆ అర్జీ వెళుతూనే ఉంది. ఆఫీసర్లు మారారు. సంఘంలో కొందరు కాలం చేశారు, బెల్టు బాబాయ్‌గారి తుపాకీని వాళ్ళబ్బాయి అప్పజెప్పేశాడట. జవాబు మాత్రం ఒక్కసారీ రాలేదు. షాపు ఇప్పుడు నిజంగానే నాది. ఆ మెట్లెక్కితే ఇప్పుడు నాకే ఆయాసం వస్తోంది. ఎవరేం చెప్పినా టైపు చేశాక పైకి చదివి వినిపిస్తాను, రెండుసార్లు.

మొన్న పెదనాన్న మళ్ళీ వచ్చాడు. ప్రింటు తీసి చదవబోతుంటే చెయ్యి చాపి లాక్కుని, జోడు లేకుండా తనే గడగడా చదువుకున్నాడు. చివరి పేరాలో పెన్నుతో ఒక వాక్యం కొట్టేశాడు. ఎంత కాదనుకున్నా చెయ్యి ఊరుకోక నేను దూర్చిన వాక్యం అది.

"ఇది తీసెయ్యవే. బాగుంది గానీ, మనక్కాదు," అన్నాడు.

తీసేసి ఇంకో ప్రింటు ఇచ్చాను. కమ్మీ పట్టుకుని ఆయన మెట్లు దిగిపోయాక, ఆ వాక్యాన్ని మళ్ళీ తెర మీదికి తెచ్చుకుని చదువుకున్నాను. ఇన్నేళ్ళ తరవాత కూడా, పాపిష్టిది, నాకు బాగానే అనిపించింది. ఎదురుగా కరెంటు మీటరు సంగతి చెప్పుకోవడానికి వచ్చినావిడ, "ఏంటమ్మా నవ్వుకుంటున్నావు?" అని అడిగింది. ఏం లేదండీ అని, దాన్ని చెరిపేసి, "చెప్పండి, ఒక్కొక్కటీ మెల్లగా చెప్పండి," అన్నాను.