బొంత లోపలి పొర

భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక రిసార్టు యాజమాన్యం మా మల్కాపురం ఆడవాళ్ళు కుట్టిన నీలం బొంతను కత్తిరించి ముక్కలు చేసింది. కొన్నాళ్ళు గోడకి వేలాడదీసి తిరిగి ఇచ్చేస్తామని తీసుకెళ్ళి ఆ పని చేసింది. అదే రోజు తీసుకెళ్ళిన ఎర్ర బొంత ఇంకా వాళ్ళ స్టోరు గదిలోనే ఉంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఎండాకాలమంతా వాళ్ళ గేటు చుట్టూ తిరిగిన మా అప్ప మొన్న ఆదివారం పొద్దున్న పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటోలోనే ప్రాణం పోయింది. గుండె అన్నాడు డాక్టరు. నేను డాక్టరుతో వాదించను. కాని ఆ గుండెజబ్బు మనిషిని ఎండలో గేటు బయట కూర్చోబెట్టింది ఎవరో ముందు రాయకుండా ఆవిడ గురించి ఒక్క మాట కూడా రాయలేను.

అప్ప నాకు చుట్టం కాదు. పక్కింటావిడ. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడ్ని మా అమ్మా అప్పే అనేది, నేనూ అప్పే అన్నాను, చర్చి పాస్టరుగారు కూడా అప్పా అనే పిలిచేవారు. భర్త పోర్టులో కాంట్రాక్టు కూలీగా చేసి ఎప్పుడో పోయాడు. జాకెట్లు కుట్టి బతికింది. సాయంత్రం మిషను మూసేసి, చర్చి వెనక అరుగు మీద చాప పరుచుకుని చేత్తో బొంతలు కుట్టేది. మొదట్లో ఒక్కతే. తర్వాత జాలరి ఇళ్ళ నుంచి ఒకరు, రిఫైనరీ పనివాళ్ళ ఇళ్ళ నుంచి ఒకరు, అలా వచ్చి చేరారు. బోర్డు లేదు, అధ్యక్షురాలు లేదు. కాలేజీలో ప్రదర్శన పెట్టినప్పుడు ఎవరో ‘మహిళా ఆర్ట్ కలెక్టివ్’ అని బ్యానరు కట్టారు. అప్పకి ఆ పేరు నోరు తిరగలేదు. ఆవిడ లెక్కలో అది ‘మా అరుగు’, అంతే.

ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళకి తెలుసు, అక్కడ నిశ్శబ్దం అనేదే ఉండదు. అప్ప చర్చి పాట అందుకుంటే, జట్టీ నుంచి చేపలు తెచ్చి వీధుల్లో అమ్మే చేపల పిన్ని సగంలో గంగమ్మ పాట కలిపేది. “ఓలప్పా, నీ దేవుడి పాటకి ఊపు లేదే, కునుకొత్తంది” అనేది పిన్ని. “కునుకొత్తే పడుకో. నీ కుట్టు సూత్తే నువ్వు నిద్దర్లోనే కుట్టినట్టుంది” అనేది అప్ప. రిఫైనరీ సైరను మోగితే టీ. టీ తాగుతూ వీధిలో ఉన్న మగవాళ్ళందరి సంగతీ తేల్చేసేవారు.

నేను మొదటిసారి వెళ్ళింది కుట్టడానికి కాదు. అప్పటికి నా సంచినిండా కరపత్రాలే. శ్రమ ఒకరిది, పేరు ఇంకొకరిది అని వాళ్ళకి వివరంగా చెప్పాలని వెళ్ళాను. అప్ప శ్రద్ధగానే వింది. విని, సూది నా చేతికిచ్చింది.

“మంచి మాటలే సెప్తన్నావు గుంటా. సెప్తా సెప్తా ఇందులో దారం ఎక్కించు. నాకు కళ్ళానవు.”

ఆ తర్వాత నా ఉపన్యాసాలన్నీ దారం ఎక్కిస్తూనే సాగాయి.

మా బొంతలు చూసినవాళ్ళు పైభాగం గురించే మాట్లాడేవారు. పాత చీరల ముక్కలతో క్రేన్లు, పడవలు, చేపల బుట్టలు, పొగగొట్టాలు. అవి మెచ్చుకోదగ్గవే. కాని బొంతకి బరువూ వెచ్చదనం ఇచ్చేది లోపలి పొర. పైగుడ్డకీ అడుగుగుడ్డకీ మధ్య పరిచే పాత గుడ్డలు. అక్కడే అప్ప పెట్టిన పద్ధతి ఒకటుంది. ఆ పొరలో ప్రతి ఒక్కరూ తనదైన గుడ్డ ఒకటి పెట్టాలి. కాల్చలేనిది, పారేయలేనిది, ఇంట్లో ఎవరికంటా పడకూడనిది, ఏదైనా సరే. ఏమిటో చెప్పక్కర్లేదు. ఎవరూ అడక్కూడదు. ఒకరు పెడుతుంటే మిగతావాళ్ళు అటు తిరిగి కూర్చోవాలి. పెట్టాక అందరూ కలిసి దాని మీద కుట్టు వేసేస్తారు.

“ఏటి పెట్టినావప్పా?” అని మొదట్లో అడిగేశాను.

“ఏం, జనాభా లెక్కలు రాయడానికొచ్చినావా?” అంది. అరుగంతా నవ్వింది. మళ్ళీ అడగలేదు.

బొంతలు రిసార్టుకి వెళ్ళాక, ఎలా వేలాడదీశారో చూసొద్దామని అప్పా చేపల పిన్నీ నేనూ బస్సెక్కి వెళ్ళాం. చల్లటి వరండాలో గోడ పొడుగునా అద్దాల ఫ్రేములు. ఒక ఫ్రేములో క్రేను పైసగం, ఇంకో ఫ్రేములో బుట్ట అడుగు. పిన్ని ఒక ఫ్రేము ముందు ఆగిపోయింది.

“ఓలమ్మా, నా పడవకి ముందు భాగమేదే?”

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. అది నాకు ఇంకా మంట. “ఇలా పెడితేనే ఆర్టులా కనిపిస్తుందమ్మా. లోపలంతా పాత గుడ్డలే, వేస్టు. ఫ్రేము కుదరదని తీయించేశాం” అన్నాడు.

నేను అరిచాను. మేనేజరు మీద అరిచాను, అడ్డొచ్చిన సెక్యూరిటీ మీద అరిచాను. అప్ప ఒకటే అడిగింది. “తీసినవి ఎక్కడున్నాయి బాబూ?”

వంటగది వెనక ఉన్నాయి. నేల తుడుస్తున్నారు వాటితో. తుడుస్తున్న ఆవిడ మమ్మల్ని చూసి కంగారుపడింది. “మాకేటి తెలుసమ్మా, మూట ఇచ్చి తుడవమన్నారు” అంది. అప్ప బకెట్ల పక్కన కింద కూర్చుని, ఫినాయిలు నీళ్ళలోంచి ఒక్కొక్క గుడ్డా తీసి పిండింది. పిండి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుంది. చీరంతా తడిసిపోయింది. తుడిచే ఆవిడ లోపలికెళ్ళి ఖాళీ బియ్యం బస్తా తెచ్చిచ్చింది.

తిరుగు బస్సులో బస్తాలోంచి నీళ్ళు కారుతుంటే కండక్టరు విసుక్కున్నాడు. “ఏటమ్మా అది, సేపలా?”

“సేపలైతే నీకూ ఒకటిచ్చీదాన్ని. టికెట్టు కొట్టు” అంది పిన్ని. అని, మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

అప్ప వాటిని తన పెరట్లో తనే ఉతికింది, ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. తీగ మీద ఆరేసి, పైన పాత దుప్పటి కప్పింది, ఎవరికీ కనపడకుండా. అయినా జరగాల్సిన నష్టం జరిగింది. సాయం చేద్దామని వచ్చిన పిన్ని దుప్పటి ఎత్తింది. ఒక గుడ్డ చూసి గుర్తుపట్టి, ఆశ్చర్యం పట్టలేక, అది ఎవరిదో పైకే అనేసింది. గోడ అవతల ఎవరో విన్నారు. సాయంత్రానికి ఆ మాట మా వీధి చివరి ఇంట్లో, మేడ మీద ఉండే ఆవిడ భర్త దాకా వెళ్ళింది. ఆ గుడ్డ ఆవిడదే, అరుగు మీద మాతో కుట్టేది, వదినా అని పిలిచేవాళ్ళం. ఆ గుడ్డ ఏమిటో, ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను రాయను. వదిన కొన్నాళ్ళు పుట్టింటికెళ్ళింది. తిరిగొచ్చింది. అరుగు మీదికి మాత్రం రాలేదు.

మిగిలిన గుడ్డల్ని అప్ప ఒక బుట్టలో పెట్టి, చర్చి వెనక గదిలో ఉంచింది. ఒక్కొక్కరే లోపలికెళ్ళి, తలుపేసుకుని, తమది తీసుకున్నారు.

నాకూ అప్పకీ పెద్ద గొడవ అప్పుడే అయింది. కరపత్రం వేద్దామన్నాను. నీలం బొంతలో ఏమేం ఉన్నాయో, అవి నేల తుడిచే గుడ్డలెలా అయ్యాయో వివరంగా రాస్తే ఊరు ఊరంతా కదులుతుందన్నాను. పేర్లు రాయనన్నాను.

“అయి నీయి కావు” అంది.

“అప్పా, ఏమున్నాయో తెలిస్తేగాని జనానికి కోపం రాదు.”

“కోపం రావడానికి ఏటున్నాయో తెలియాలా? కోసీసినారు. సాలదా?”

“చాలదు. లోకం అలా లేదు.”

“అలాగైతే లోకాన్నే తిట్టు. మా అరుగు మీద మాత్రం సెయ్యెయ్యకు.”

వారం రోజుల తర్వాత ఆవిడే గోడ మీంచి పిలిచింది. “నీకంత రాయాలనుంటే నాది రాసుకో. నాది నాను సెప్పగల్ను కదా. మా ఆయన తువ్వాలు పెట్టినాను. అది భుజాన ఏసుకుని వీధిలో పెద్దమనిషిలా తిరిగీవోడు. ఇంట్లో నా మాట ఒక్క పూటా విన్లేదు. అందుకని బొంతలో పడుకోబెట్టినాను. నీలం బొంత ఉన్నన్నాళ్ళూ మీటింగైనప్పుడల్లా ఆడి మీద పదిమంది ఆడోళ్ళం కూకునీవోళ్ళం.” చెప్తూ చెప్తూ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. ఎర్ర బొంతలో ఏం పెట్టిందో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎర్ర బొంత కోసం ఆవిడ వెళ్తూనే ఉంది. ఆవిడ గుండె చూసే సీతమ్మధార డాక్టరు ఎండలో తిరగొద్దన్నాడు. పొద్దున్నే మందు వేసుకుని బయల్దేరేది. గేటు బయట రేకుల షెడ్డు కింద కూర్చోమనేవారు. ఎవరూ వచ్చి మాట్లాడేవారు కాదు. సంచిలో గుడ్డా సూదీ పెట్టుకెళ్ళి, అక్కడ కూర్చుని కుట్టుకునేది. ఒకసారి మేనేజరు కారు దిగకుండానే అన్నాడట: “లోపల మీకు కావలసినవి ఉన్నాయని ముందే చెప్పాల్సింది కదమ్మా.” ఏమని చెప్పాలి? లోపల ఏదో ఉందని బయటివాడికి చెప్పడమంటే సగం విప్పి చూపించడమే. చెప్పకపోవడం మీదే కదా అరుగు నిలబడింది. ఆ మర్యాదనే వాళ్ళు మా తప్పుగా తిప్పికొట్టారు. దీన్ని దోపిడీ అంటారు. ఈ మాట నేను కరపత్రాల్లో చదివి నేర్చుకున్నాను, అర్థమైంది మాత్రం ఆ రేకుల షెడ్డు దగ్గర.

వెళ్ళకు, మేం వెళ్తాం అంటే వినేది కాదు. “నన్ను నమ్మి పెట్టినారు. నా సేత్తోనే ఇచ్చినాను. నానే తేవాల” అనేది.

తేలేకపోయింది.

సమాధుల తోటలో అందరూ ఉన్నారు. మేడ మీద వదిన కూడా వచ్చింది, దూరంగా నిలబడింది. ఆ మర్నాడు రిసార్టులో నేల తుడిచే ఆవిడే కబురు పంపింది. ఎర్ర బొంతకి కూడా ఫ్రేములు కట్టేవాళ్ళు వచ్చే మంగళవారం వస్తున్నారట.

వాళ్ళొచ్చేలోగా అందరం వెళ్ళి బొంత తెచ్చుకుందామని చెప్పడానికి నేను వదిన ఇంటికి పరిగెత్తాను. మెట్ల మీదే ఆపేసింది. “ఎర్ర దాన్లోనూ నాది ఒకటుంది. దాన్ని ఈదిలోకి తెస్తే మళ్ళీ ఎవరి నోరు జారతాదో. ఒకసారి అయింది, సాల్దా? ఆళ్ళని కోసుకోనీ. అక్కడ నన్నెవరూ గుర్తుపట్టరు” అంది. వదిన ఒక్కతే కాదు, ఇంకొందరిదీ అదే మాట. చేపల పిన్నికి చెబితే బుట్ట దించి కూర్చుండిపోయింది. “నోరు జారింది నాది. ఆయమ్మ నా మొకం సూడకపోయినా సరే. అందుకని అందరి గుడ్డలూ ఆళ్ళు నేల తుడుసుకోవాలా?” అంది.

వదిన మాటకి జవాబు నేను చదివిన కాగితాల్లో లేదు. కోర్టూ, ధర్నా, సంతకాలూ, వీటి గురించి రాసినవాళ్ళెవరూ ఒక ఆడమనిషి తనను ఎవరూ గుర్తుపట్టకుండా ఉంటే చాలనుకునే సంగతి రాయలేదు. అప్ప ఉంటే ఏదో ఒకటి అనేది. బహుశా నా చేతికి సూది ఇచ్చేది.

అందుకని నాకు తెలిసింది మాత్రం చెబుతున్నాను. ఎర్ర బొంతను మనం విప్పబోవడం లేదు. ఒక్క కుట్టు కూడా కదపం. ఉన్నది ఉన్నట్టు మడిచి తెస్తాం, చర్చి వెనక గదిలో పెడతాం. ఆ తర్వాత ఏం చేయాలో, అందులో గుడ్డ పెట్టినవాళ్ళు తప్ప ఎవరూ తేల్చకూడదు. కాల్చేయమంటే కాలుద్దాం. అలాగే పాతిపెట్టమంటే పాతిపెడదాం. కాని అది మన చేతుల్లో జరగాలి, వాళ్ళ కత్తెరతో కాదు. రిసార్టు లోపలికి రావడానికి ఇష్టం లేనివాళ్ళు గేటు దగ్గర నిలబడండి. గేటు దాకా కూడా రాలేనివాళ్ళు ఇక్కడ బస్సెక్కించి వెనక్కి వెళ్ళిపోండి. అదైనా చాలు. మగవాళ్ళు రావొచ్చు, వెనక నడవాలి, నోరు నేను తెరవమన్నప్పుడే తెరవాలి.

నిన్న సాయంత్రం అరుగు వైపు వెళ్ళాను. అప్ప సగంలో వదిలేసిన కొత్త బొంత చాప మీద పరిచి ఉంది. ఒక చివర చేపల పిన్ని కూర్చుని కుడుతోంది. రెండో చివర మేడ మీద వదిన. ఎప్పుడొచ్చిందో, ఎవరు పిలిచారో తెలియదు. ఇద్దరూ తలెత్తలేదు. ఎవరి అంచు వాళ్ళు కుట్టుకుంటున్నారు. వాళ్ళిద్దరి మధ్యా ఆ గుడ్డ పొడుగునా బోలెడు చోటు ఖాళీగా ఉంది.

సోమవారం పొద్దున్న ఏడు గంటలకి, ఆ అరుగు దగ్గరికి రండి.