బళేపేటలో తిరగని మిషన్

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా ఇంట్లో ఉన్న, చేత్తో తిప్పే డ్రిల్లింగ్ మిషన్లన్నిటి మీదా ఒట్టు.

తొంభైల చివర్లో మాట. అలాంటి పాత మిషన్లు ఏరుకొచ్చి, బాగుచేసి, వాటితోనే పని చేసుకోవడం నా పిచ్చి. ఒక్క రకం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు: పైన పెద్ద చక్రం ఉండి, హ్యాండిల్ తిప్పేకొద్దీ బిట్టు తనంతట తానే ఇనుములోకి దిగేది. బెంగుళూరు బళేపేటలో, తలుపు బందులమ్మే కదిరప్ప కొట్లో అదుందని తెలిసి ఫోన్ చేశాను. "తిరగదప్పా అది. వచ్చి తీస్కపో," అన్నాడు.

పొద్దున్నే హిందూపురంలో ప్యాసింజరెక్కాను. ఎదురుగా పూలబుట్టతో ఒకామె.

"అంత పెద్ద సంచి ఖాళీగా తీస్కపోతాండావు, ఏం తేనీకి అన్నా?"

"బెజ్జాలేసే మిషనక్కా."

"బెజ్జాలకి బెంగుళూరు దాకానా! మా ఇంటికి రా, పైకప్పు నిండా ఉండాయి."

దొడ్డబళ్ళాపురంలో చిత్రాన్నం పొట్లం కొన్నాను. బాగుంది, కారమే ఎక్కువ. పది దాటాక సిటీ స్టేషన్లో దిగాను. మీరు వెళితే బళేపేటకు ఆటో ఎక్కకండి. నడిచే దూరమే, ఆటోవాడు మాత్రం ఊరంతా చూపిస్తాడు.

కదిరప్పకు అరవై దాటుంటాయి. మిషన్ గోడకు బిగించి ఉంది. వాళ్ళ నాయన తిప్పినదట. కరెంటు డ్రిల్లు వచ్చాక దాన్ని పూజకే ఉంచేశారు.

ఉన్నచోట ఒకసారైనా తిప్పి చూడకుండా మిషన్ని విప్పకూడదని నా నియమం. కిరసనాయిలు, గుడ్డ, సూది తీశాను. చూద్దును కదా, నూనె పోసే బెజ్జాలన్నీ గంధం, కుంకుమతో పూడిపోయి రాయిలా ఉన్నాయి. ఏటా ఆయుధపూజకు పెట్టిన బొట్లు!

"మొక్కి మొక్కి దీని గొంతు మూసేసినారు కదన్నా," అన్నాను.

"మా ఆమె భక్తి అప్పా."

లోపల్నించి ఆమె గొంతు: "పెట్టేది నేను. తుడిచేదీ నేనేనా?"

సూదితో తవ్వి, నూనె పోసి, చక్రం కదిపానో లేదో, కరెంటు పోయింది. పక్కన కరెంటు డ్రిల్లు ఒక తలుపు బందులో సగం బెజ్జం వేసి ఆగింది. బందుల కోసం వచ్చినాయన గడపలో గొణుగుతున్నాడు. కదిరప్ప ఆ బందును తెచ్చి పాత మిషన్‌కు బిగించి, తానే తిప్పాడు. బిట్టు మెల్లగా దిగింది. బెజ్జంలోంచి ఇనప తురుము చుట్టలు చుట్టలుగా తెగకుండా లేచి, గడప దాటి, వీధి దాటి, ఎదుటి కొట్లో గాజుల పక్కన వేలాడింది. ఒకావిడ దానికి బేరం కూడా చేసింది.

కదిరప్ప హ్యాండిల్ వదల్లేదు. "తిరగదని కదా ఇస్తానంటిని. ఇప్పుడు తిరుగుతాండాది. ఇయ్యనప్పా," అన్నాడు. రాగిముద్ద, అందులోకి పప్పుచారులాంటి సారు పెట్టి పంపించాడు.

సాయంత్రం బండిలో మళ్ళీ ఆ పూలామే. బుట్ట ఖాళీ.

"మిషనేదన్నా?"

"ఇయ్యలేదక్కా."

"మొగం చూస్తే తెచ్చుకున్నట్టే ఉండాదే!"

ఆమె దగ్గర దాగనిది మీ దగ్గర దాగుతుందా? ఒప్పుకుంటున్నాను. గాజుల కొట్టు సంగతి నిజమే. కదిరప్ప ఇవ్వననడమే నా కల్పన. ఆయన మాట తప్పలేదు, రెంచి కూడా తానే ఒక చేత్తో అందించాడు. నేను గోడ దగ్గరికి వెళ్ళేసరికి ఆయన రెండో చెయ్యి ఇంకా హ్యాండిల్ మీదే ఉంది. ఏళ్ళ తరబడి వదులైన బోల్టులు. విప్పకుండా, ఒక్కొక్కటీ గట్టిగా బిగించి వచ్చాను.