మూడుసార్లు చెప్పిన జోకు

2022 జనవరి. ఓమిక్రాన్ అనే పేరు అప్పటికే మా గాజువాక టీకొట్లలో బాగా నలిగిపోయింది. ఆక్సిజన్ సిలిండర్లు, కాన్సన్‌ట్రేటర్లు అద్దెకిచ్చే షాపు నాది. కాన్సన్‌ట్రేటర్ అంటే పేరుకే పెద్దది. గదిలో ఉన్న గాలినే పీల్చుకుని, అందులోంచి నైట్రోజన్‌ను పక్కకు నెట్టేసి, మిగిలిన ఆక్సిజన్‌ను గొట్టంలోకి వదులుతుంది. ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు ఈ గాలి పాఠం మొదలుపెట్టిన రోజే నేను బడిగోడ దూకి వెళ్ళిపోయాను. ఆ పాఠం ఎక్కడికీ పోలేదు, కాచుకుని కూర్చుని ఇప్పుడు నాకు కూడు పెడుతోంది.

అంతకుముందు ఏడాది ఎండాకాలంలో సిలిండరు కోసం మనుషులు నా షట్టరు ముందు కొట్టుకున్నారు. ఈసారి అలా లేదు. ఎవరిని కదిపినా "రెండు డోసులూ పడ్డాయి" అనేవారు, రెండు ఎకరాలు రిజిస్టరైనంత ధీమాగా. మిషన్లు షాపులో దుమ్ము కొట్టుకుంటున్నాయి. వ్యాపారం లేదని ఏడవాలో, జనం బాగున్నారని నవ్వాలో తెలియక నేను రెండూ చేస్తున్నాను.

ఒక మధ్యాహ్నం దువ్వాడ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"బాబూ, ఊపిరి మిషను అద్దెకిత్తారంట కదా. మా ఆయనకి. ఆస్పత్రికి ఎల్దారంటే రానంతన్నాడు. ఇంట్లో మిషనైతే సరే అన్నాడు."

"శాచురేషన్ ఎంతుందమ్మా? వేలికి పెట్టి చూశారా?"

"పక్కింటోళ్ళది తెచ్చి పెట్టినాం. అది పాడైపోయినట్టుంది బాబూ. ఏదో తప్పు నెంబరు సూపిత్తంది."

వ్యాన్‌లో మిషన్ వేసుకుని వెళ్ళాను. కరోనా ఇల్లంటే గేటు దగ్గరికే దగ్గు వినిపిస్తుంది. అది నాకు అలవాటైన కాలింగ్ బెల్లు. ఈ ఇంట్లో దగ్గు లేదు, మూలుగు లేదు. హాల్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎవరో చుట్టం చూడ్డానికి వచ్చాడనుకున్నాను.

"పేషెంటు ఏ గదిలో ఉన్నారండీ?" అన్నాను.

"నానే," అని నవ్వాడాయన. "కూకో తమ్ముడూ. ఏటి, నన్ను సూత్తే రోగిష్టోళ్ళాగున్నానా?"

పేరు సింహాచలం. స్టీల్ ప్లాంట్‌లో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర, విషవాయువు లీకులు చూసే గ్యాస్ సేఫ్టీ పని చేసి రిటైరయ్యారు. ఆవిడ పేరు నూకాలు. వంటగది గుమ్మం దగ్గర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే వరసలో నిలబడి రెండు డోసులూ వేయించుకున్నారట. జలుబు ముందు ఆవిడకే వచ్చి, రెండు రోజుల్లో పోయింది. తర్వాత ఆయనకు అంటుకుని కొన్ని రోజులైందట.

"టీకా ఏయించుకున్నాక ఏటౌద్ది తమ్ముడూ!" అన్నాడాయన. "కరోనా మా గేటు కాడికొచ్చింది. సర్టిఫికెట్టు అడిగింది. సూపించినాను. సారీ సార్ అని పక్కింటికి ఎల్లిపోనాది!"

అని తొడ మీద చరుచుకుని నవ్వాడు. నేనూ గట్టిగా నవ్వాను. నాలాంటి వాడికి నాలాంటి కస్టమర్ దొరకడం అరుదు.

నవ్వుతూనే నా పల్స్ ఆక్సీమీటర్ తీసి ఆయన వేలికి తగిలించాను. బట్టల క్లిప్పులాంటి చిన్న పరికరం. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. తొంభై నాలుగు, ఆపైన ఉంటే మనకు నిశ్చింత. అరవై తొమ్మిది చూపించింది. వేలు మార్చాను. మళ్ళీ అదే. నా వేలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది. నూకాలమ్మకు పెడితే తొంభై ఏడు. పరికరం మా ఇద్దరికీ నిజం చెబుతోంది, ఆయనకొక్కడికే అబద్ధం చెప్పదు కదా.

అప్పుడు చూశాను ఆయన గోళ్ళు. నేరేడుపండు తిని చెయ్యి కడుక్కోనట్టు ఉన్నాయి. పెదాలూ అంతే. ఆ పెదాలతోనే ఆయన హాయిగా నవ్వుతున్నాడు. ఆయాసం లేదు. గుక్క తిప్పుకోవడం లేదు. ఆ నెంబరున్న మనుషులు మంచం పట్టె పట్టుకుని గాలి కోసం కొట్టుకులాడటం నేను చూశాను. ఈయన చెప్పు కొనతో నేల మీద తాళం వేస్తున్నాడు.

"బాబాయ్, ఇది ఇంట్లో మిషన్‌తో అయ్యేది కాదు. హాస్పిటల్‌కి వెళ్ళాలి," అన్నాను. ఆయనకు కావలసింది చెరువు, నేను తీసుకెళ్ళింది చెంబు. వ్యాన్‌లో ఉన్న చిన్న సిలిండరు తెచ్చి మాస్కు పెట్టబోతే చేత్తో తోసేశాడు.

"గ్యాస్‌లోనే బతికినోణ్ణి తమ్ముడూ. ఊపిరాడకపోతే నాకు తెలీదేటి? టీకా ఏయించుకున్నాక ఏటౌద్ది! కరోనా మా గేటు కాడికొచ్చింది. సర్టిఫికెట్టు అడిగింది. సూపించినాను. సారీ సార్ అని పక్కింటికి ఎల్లిపోనాది!"

తొడ మీద చరుపు. అదే నవ్వు. పెద్దవాళ్ళు మర్చిపోతుంటారులే అని నేను మర్యాదకు నవ్వాను.

వంటగది వైపు వెళ్ళి, "108కి ఫోన్ చెయ్యండమ్మా. బాబాయ్ సరదా మనిషి, మెల్లగా ఒప్పిద్దాం," అన్నాను.

ఆవిడ నన్ను అదోలా చూసింది. గొంతు తగ్గించి, "అదే బాబూ నాకు బయం," అంది. "ఈయన సరదా మనిషి కాడు. పెళ్ళైనకాడ్నుంచి నా కాడ ఒక్క జోకు ఏసినోడు కాడు. కూరలో ఉప్పు నేకపోయినా నోరిప్పడు. పొద్దుట్నుంచి ఇలగే మాటాడతన్నాడు. ఎవరో వచ్చి ఈయన కుర్చీలో కూకున్నట్టుంది."

నా వెనక నుంచి వినిపించింది. "టీకా ఏయించుకున్నాక ఏటౌద్ది..." హాల్లో ఆయన తప్ప ఎవరూ లేరు. ఖాళీ సోఫాకు చెబుతున్నాడు. గేటు, సర్టిఫికెట్టు, సారీ సార్, చరుపు, నవ్వు. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. బయట ఎండ కాస్తోంది, ఎవరో స్కూటర్ కడుక్కుంటున్నారు. నవ్వుకు భయపడటం నాకు అదే మొదలు.

ఆవిడ 108కి చేసి, ఆ వెంటనే ఇంకో ఫోన్ చేసింది. పక్క వీధిలో ఉండే దావీదు గారికి. సింహాచలం గారితో ప్లాంట్‌లో జంటగా పని చేసినాయన. అంబులెన్సు కంటే ముందే ఆయన వచ్చి, మాస్కు పెట్టుకుని కిటికీ అవతల నిలబడ్డాడు. సంగతి విని నా వైపు తిరిగాడు.

"గ్యాస్ ఏరియాలోకి ఒకడు ఎల్తే ఒకడు బయటుండాల బాబూ. బయటోడు రమ్మంటే లోపలోడు మారుమాట నేకుండా వచ్చీయాల. ఎందుకంటే గ్యాస్ తగిలినోడికి తగిలినట్టు తెలీదు. బాగున్నాననే అంతాడు. ఆడి మాట నమ్మితే ఆడు పోతాడు."

తర్వాత కిటికీ ఊచ పట్టుకుని పిలిచాడు. "బావా!"

"ఓరి దావీదూ! రారా. టీకా ఏయించుకున్నాక ఏటౌ..."

"బావా, గ్యాసుంది. బయటికి రా."

జోకు సగంలో తెగిపోయింది. ఆ ముఖం మీద నవ్వు, స్విచ్చి నొక్కితే లైటు ఆరినట్టు ఆరింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. ఎందుకని అడగలేదు. లేచి తిన్నగా గుమ్మం వైపు నడిచాడు. ఆయన బుర్రకు దావీదు మాట అందిందో లేదో నాకు తెలియదు, కాళ్ళకు మాత్రం అందింది. గడప దాటాక మోకాళ్ళు వంగిపోయాయి. దావీదు గారు పరుగున వచ్చి చంకల కింద పట్టుకుంటే, నేను మాస్కు పెట్టి సిలిండరు మర తిప్పాను. ఈసారి ఆయన చెయ్యి అడ్డు రాలేదు.

"హెల్మెట్టు పెట్టినాం కదాని క్రేను కింద కూకున్నాడు మా బావ," అన్నాడు దావీదు గారు అంబులెన్సు తలుపు మూస్తూ.

ఆక్సిజన్ అంతగా పడిపోయినా ఆయాసం రాకపోవడాన్ని సైలెంట్ హైపాక్సియా అంటారని ఆస్పత్రి డాక్టరు చెప్పారు. ఒళ్ళు మునిగిపోతున్నా అలారం మోగదన్నమాట. బుర్రకు గాలి అందక మనిషి తీరే మారిపోవచ్చునట. టీకా వేసుకున్నా ఇంతలా ఎందుకు ముదిరిందని నూకాలమ్మ అడిగింది. కీళ్ళవాపుకు ఆయన ఎన్నాళ్ళ నుంచో వాడుతున్న మాత్రలు ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తాయి, టీకా నేర్పిన పాఠం అలాంటి ఒంటికి సగమే ఎక్కి ఉండవచ్చు అన్నారు డాక్టరు. సగమే ఎక్కిన పాఠం సంగతి నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. అదే టీకా నూకాలమ్మను జలుబుతో వదిలేసింది. ఈయనకు మాత్రం, టీకా ఉంది కదా ఏమీ కాదన్న నమ్మకం ఒకటి తోడై, పరీక్ష లేకుండా, డాక్టరు లేకుండా విలువైన రోజులు గడిచిపోయాయి.

ఐసీయూలో చాలా రోజులున్నారు. చివరికి ఇంటికొచ్చారు. కొన్నాళ్ళు ఆక్సిజన్ కావాలంటే మిషన్ బిగించడానికి మళ్ళీ నేనే వెళ్ళాను.

మంచం మీద సన్నగా, గడ్డంతో ఉన్నారు. "బాబాయ్, బాగున్నారా?" అన్నాను చనువుగా.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయనకు ఏమీ గుర్తులేదు. నేను రావడం, కిటికీ, గడప, ఏదీ లేదు. నాతో అంతసేపు నవ్విన మనిషికి నేను కొత్తవాణ్ణి. నేను నా సరుకులో మంచి జోకు ఒకటి తీసి వేశాను. ఆయన గోడకేసి చూశారు. నూకాలమ్మ మాత్రం గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఈయనే బాబూ మా ఆయన," అంది. కళ్ళు తుడుచుకుంది.

ఇప్పటికీ మిషన్ పట్టుకుని చాలా ఇళ్ళకు వెళుతుంటాను. టీకా వేయించుకోమనే అందరికీ చెబుతాను, ఒంట్లో వేరే జబ్బుంటే దాని సంగతి డాక్టరుకు చెప్పమనీ చెబుతాను. మంచం మీది మనిషిని ఎలా ఉన్నారని పలకరిస్తాను కానీ, ఆ జవాబుతో పని మొదలుపెట్టను. వేలికి క్లిప్పు పెట్టి, పక్కనున్న మనిషి వైపు తిరిగి, "ఈయన మామూలుగా ఇలాగే ఉంటారా?" అని అడుగుతాను. చాలామంది వెంటనే అవునంటారు. ఒక్కొక్కరు నోరు తెరిచి, మంచం వైపు చూసి, ఆగిపోతారు. వాళ్ళలా ఆగితే నేను మిషన్ పెట్టె విప్పను. ఫోన్ తీస్తాను.