గోరింటాకు చేతులతో కుట్టిన కాజాలు

నా చిన్నప్పుడు మేం నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక పాత ఇంట్లో, రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నాన్నగారి ఉద్యోగం మారడంతో గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. పక్క వాటాలో ఉండే అక్క మాత్రం ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. మా అమ్మకు ఊరు కొత్త, నాకు కుట్టు మిషను కొత్త. ఇద్దరికీ ఆవిడే దిక్కు.

ఆ వేసవి సెలవుల్లో అక్క దగ్గరే మిషను తొక్కడం నేర్చుకున్నాను. దిండు గలీబులూ లంగాలూ అయ్యాక నా మీద నాకు మహా నమ్మకం కుదిరింది. అది చూసి నాన్నగారు ఒక సాయంత్రం ఆబిడ్స్‌లో తెల్ల పాప్లిన్ గుడ్డ కొని నా చేతిలో పెట్టారు. గన్‌ఫౌండ్రీలో ఆయన పనిచేసే బ్యాంకులో, వచ్చే సోమవారం నుంచి ఆయన్ను కౌంటర్లో కూర్చోబెడుతున్నారు. ఆ రోజు నేను కుట్టిన చొక్కాయే తొడుక్కుంటానని అందరి ముందూ అనేశారు. దర్జీకి ఇస్తే పోయేదానికి ఈ ప్రయోగాలెందుకని అమ్మ గొణిగింది.

ఆదివారం పొద్దుటికి కాలరూ చేతులూ కుదిరాయి. మిగిలింది కాజాలు. వాటికోసం మిషనుకు బిగించే చిన్న పరికరం ఒకటి అక్క దగ్గర ఉండేది. ఆ పరికరమే గుడ్డను పట్టుకుని, సూది కింద అటూ ఇటూ జరుపుతూ కాజా చుట్టూ కుట్టు వేస్తుంది. మనం తొక్కితే చాలు. ప్యాంటులో దాగిపోతుంది కదా అని అన్నిటికన్నా కింది కాజాతో మొదలుపెట్టాను. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, దారం అడుగున ఉండ చుట్టుకుంది. విప్పబోతే గుడ్డ కాస్త చిరిగింది. పై కాజాలు కూడా ఇలాగే అయితే నాన్నగారు కౌంటర్లో ఏం తొడుక్కుని కూర్చుంటారు? వేరే గుడ్డ కూడా లేదు.

వంటింట్లో ఉన్న అక్కను పరుగున వెళ్లి మిషను దగ్గరికి పిలుచుకొచ్చాను. ఆవిడ సూది మార్చింది. కింది దారం తీసి మళ్లీ ఎక్కించింది. గుడ్డ పల్చగా ఉందని అడుగున పాత పేపరు ముక్క పెట్టమంది. కత్తిరింపుల్లో మిగిలిన పాప్లిన్ ముక్కను చొక్కా అంత మందంగా మడిచి, ముందు దాని మీద వెయ్యమంది. చక్కగా వచ్చింది. ఇంకోటి వేశాను, అది ఇంకా బాగా వచ్చింది. తీరా చొక్కా పెట్టేసరికి ఈసారి దారం తెగింది. మిషనుకు నా మీద ఏదో కక్ష ఉందని ఏడుపు మొహం పెట్టాను.

అక్క నా చేతుల వంక కాసేపు చూసి, "అది జర పక్కకు పెట్టు. రా, గోరింటాకు పెడ్త" అంది.

అప్పటికి ఆషాఢం వచ్చేసింది. పొద్దున రుబ్బిన ముద్ద ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది. చొక్కా అలా పడి ఉంటే ఇప్పుడు గోరింటాకేమిటని నాకు ఒళ్లు మండింది. కానీ ఆవిడ మాట కాదనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. రెండు అరచేతుల్లో చందమామలూ, వేళ్లన్నిటికీ టోపీలూ పెట్టేసింది.

పెట్టడం అవగానే నన్ను మిషను ముందు కూర్చోబెట్టింది. చొక్కాను తనే గుర్తు దగ్గర అమర్చి, చక్రం తిప్పి, ఇక తొక్కమంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంత ముద్ద రాలినా తెల్ల చొక్కా ఎర్రబడుతుంది. చేతులు రెండూ భుజాల దాకా ఎత్తేసి, ఊపిరి బిగబట్టి తొక్కాను. మిషను టకటకా నడిచింది. చూస్తే కుట్టు నిండుగా, నున్నగా పడింది. అక్క చొక్కాను ఒక్కో గుర్తుకూ జరుపుతూ పోయింది, నేను చేతులెత్తుకుని తొక్కుతూ పోయాను. మెడ దగ్గరి కాజా కూడా అయ్యాక అప్పుడు చెప్పింది.

"ముక్క మీద కుట్టేటప్పుడు నీ చేతులు ఊకెనే ఉన్నయి. నాయిన అంగీ అనంగనే గుడ్డను గుంజబట్టినవ్. భయమైతే చేతులు గుంజుతయి చెల్లె. అది నడుస్తుంటే నడ్వనియ్యాలె."

చిరిగిన కింది కాజాను అక్క చేత్తో కుట్టి సర్దింది. అయినా అది వంకరగానే ఉండిపోయింది. సోమవారం పొద్దున నాన్నగారు చొక్కా తొడుక్కుంటుంటే తలుపు పక్కన నిలబడి చూశాను. ఆయనది కింది నుంచి పైకి బొత్తాలు పెట్టుకునే అలవాటు. మొదటి బొత్తామే దూరలేదు. సాయం చేద్దామని అమ్మ చెయ్యి చాచింది. "ఉండు, అదే పడుతుంది" అన్నారాయన. నెమ్మదిగా దాన్ని దూర్చుకుని, చొక్కా లోపలికి దోపుకుని, నన్ను చూసి నవ్వి వెళ్లిపోయారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు తడుస్తాయి.

తర్వాత మా అమ్మాయి స్కూటరు నేర్చుకున్నప్పుడూ, కోడలు మొదటిసారి ఆవకాయ కలిపినప్పుడూ నా చేతులు ఊరుకోలేదు. అక్కను తలుచుకుని వాటిని వెనక్కి లాక్కున్నాను. మొన్న మా మనవరాలు నా మిషను ముందు కూర్చుని మొదటి కుట్టు వేస్తోంది. గుడ్డ వంకరగా పోతోంది. పట్టుకుని ఇలా ఒక్క గుంజు గుంజితే సరిపోతుందని నా ప్రాణం కొట్టుకుపోయింది. అది తలెత్తి, "చేతులు అలా పైకి పెట్టుకున్నావేంటి అమ్మమ్మా?" అంది.

"గోరింటాకు ఇంకా ఆరలేదమ్మా, నువ్వు తొక్కు" అన్నాను.

అది నా ఖాళీ అరచేతుల వంక వింతగా చూసి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.