ఒకటి తగ్గించి చెప్పిన పుస్తకం

మా బావ దగ్గర నేర్చుకుంటే అరవై వంటలూ వస్తాయి, ఒక్కొక్కటీ ఒక మెట్టు తక్కువగా. ఈ సంగతి ఇరవై రెండేళ్లపాటు ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోవాణ్ణి నేను. ఆయన భార్య, అంటే మా అక్క, ఆవిడకి కూడా తెలియదంటే మేం నోరు ఎంత గట్టిగా కుట్టేసుకున్నామో మీరే ఊహించుకోండి.

ముందు ఆయన పైకొచ్చిన తీరు చెప్పాలి. పదహారో ఏట ఒక పెద్ద హోటల్లో గిన్నెలు తోమడానికి చేరాడు. అక్కడి వంటమాస్టరు చెయ్యి తిరిగిన మనిషి, నోరు విప్పని మనిషి. అసలు కిటుకు వేసే సమయానికి పక్కనున్నవాళ్లని ఏదో ఒక పనిమీద బయటికి తోలేవాడట. ఒకణ్ణి కట్టెలకి, ఒకణ్ణి ఉప్పుకి. ఉప్పు డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉండేది. అందుకని బావ తోమడానికి వచ్చిన గిన్నెల్నే పాఠంగా చదువుకున్నాడు. అడుగున అంటుకున్నది గోటితో గీకి నాలిక మీద వేసుకునేవాడు. ఏది ముందు పడింది, ఏది వెనక పడింది, ఏది మాడిందో మాడ్చారో, అన్నీ అలా పట్టేశాడు. నాలుగేళ్లు గిన్నెలు, అయిదేళ్లు కత్తిపీట, ఆ తరువాత పొయ్యి. వంటతోపాటు ఇంకోటి కూడా ఆ మాస్టరు దగ్గరే నేర్చుకున్నాడు, అది దాచుకోవడం. ఆ విద్య మాత్రం అడక్కుండానే ఒంటబట్టింది.

తరువాత మా అక్కని చేసుకున్నాడు, ఒక బట్టల ఇస్త్రీ దుకాణం పక్కన ఎనిమిది బల్లల హోటల్ పెట్టాడు, బల్లల దగ్గర వడ్డించడానికి నన్ను పెట్టాడు. హోటల్ నిలదొక్కుకున్నాక వంటల కాలేజీవాళ్లు పాఠాలు చెప్పమని పిలిచారు. ఆ రోజునుంచి మా బోర్డు మీద హోటల్ పేరు చిన్న అక్షరాల్లోకి పోయి, "కళాశాల అధ్యాపకుల వారిచే స్వయముగా నడపబడుచున్నది" అన్నది పెద్ద అక్షరాల్లోకి వచ్చింది. పిల్లలు ఆయనకి పెద్దగరిట అని పేరు పెట్టుకున్నారు. తెలిసినా తెలియనట్టే ఉండేవాడు. లోపల మురిసిపోయేవాడు.

కాలేజీకి పాఠ్యపుస్తకం కావాల్సి వచ్చింది. బావ చేతిరాత ఆయనకే అర్థం కాదు కాబట్టి ఆయన చెప్పడం, నేను రాయడం. మధ్యాహ్నం జనం తగ్గాక, కుర్చీలు బల్లలమీద బోర్లించి కూర్చునేవాళ్లం.

"చేప ముక్క నూనెలో వేసే ముందు..." అని ఆగాడు ఒకరోజు.

"ముందు?"

"ముందు ఏం లేదు. నూనెలో వెయ్యాలి అని రాయి."

బావ చేపని పొడిబట్టతో ఎంత ఓపికగా అద్దుతాడో రోజూ చూసేవాణ్ణి. తడి చుక్క మిగిలినా ఊరుకోడు. "తడి తుడవక్కర్లేదా బావా?" అన్నాను.

"బామ్మర్దీ, నువ్వు రాసేవాడివా, వండేవాడివా?"

"రాసేవాణ్ణే."

"అయితే రాయి. అన్నీ చెప్పేస్తే మన బల్లల దగ్గరికి ఎవడొస్తాడు?"

అలా అరవై వంటలకి అరవై గండ్లు పెట్టాం. రొట్టెపిండి రెండోసారి నానబెట్టాలన్నది పోయింది. కోడికి ముందురోజే ఉప్పు పట్టించాలన్నది పోయింది. పోయినవి పోగా మిగిలిందంతా నేను ఒక్క అక్షరదోషం లేకుండా రాశాను. దానికి నన్ను మెచ్చుకున్నారు కూడా.

బావ చెడ్డ గురువని అనుకోకండి. కత్తి పట్టుకోవడం దగ్గర్నుంచి మంట చూడటం దాకా ప్రాణం పెట్టి చెప్పేవాడు. ఆ ఒక్కటే చెప్పేవాడు కాదు. పిల్లలు పుస్తకం ప్రకారం వండి, రుచి చూసి, "బాగానే ఉంది సార్, కానీ..." అని బుర్ర గోక్కునేవాళ్లు. "చెయ్యి తిరగాలి" అనేవాడు ఆయన. సెలవురోజున వాళ్లే మా హోటల్‌కి వచ్చి, అదే వంట తిని, నిట్టూర్చి, ఇంకో ప్లేటు చెప్పేవాళ్లు.

వాళ్లలో ఒక అమ్మాయి ఉండేది. చెంచాడు అంటే చెంచాడే, పైన గోపురంలా నిలిస్తే కత్తి వెన్నుతో గీసి సమం చేసేది. అందరూ కొలతల పిల్ల అనేవాళ్లు. బావ పాఠం చెబుతుంటే ఆయన దగ్గినా నోటుబుక్కులో రాసుకునే రకం. ఆ ఏడు ఫస్టు వచ్చింది. చదువు అవగానే మా వీధికి రెండు వీధులవతల చిన్న హోటల్ తెరిచింది. బయట పలకమీద సుద్దతో "మా మాస్టారి ఉల్లిపాయ సూపు" అని రోజూ రాసేది. బావకి అంతకంటే గౌరవం ఎవరిస్తారు? నాలుగురోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాడు.

రెండేళ్లకి ఆ హోటల్ మూతపడింది. మూసే రోజున మా ఇద్దర్నీ పిలిచి ఆఖరి సూపు మాకే పోసింది. మొదటి చెంచాకే లోటు ఏమిటో నాకు అర్థమైపోయింది. బావ గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "అన్నీ సరిగ్గానే చేశావమ్మా. కొలత ఎక్కడా తప్పలేదు. చేతిగుణం అని ఒకటుంటుంది. అది అందరికీ రాదు" అన్నాడు. డాక్టరు చెబితే విన్నట్టు విని ఆ పిల్ల తలూపింది. "సూపు బాగుందమ్మా" అన్నాను నేను. నా వయసు అప్పుడు నలభై దాటింది, ఒక మాట చెప్పడానికి నోరూ ఉంది. చెప్పలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

తరువాత ఆ అమ్మాయి ఏవో పరీక్షలు రాసి, కాలేజీలమీద పెత్తనం చేసే బోర్డులో ఉద్యోగం సంపాదించింది. పెద్ద అధికారి అయిందని విని బావ సంతోషించాడు. "చూశావా, దారి చూపించాను" అన్నాడు. ఆ మాట అన్న మనిషి ముఖం నేను చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు.

పోయిన ఏడు బోర్డునుంచి ఉత్తర్వు వచ్చింది. వంట నేర్పేవాళ్లు ఎంత అనుభవం ఉన్నా సరే పరీక్షకి వచ్చి వండి చూపించాలి, తప్పితే పాఠాలు చెప్పడానికి వీల్లేదు. బావకి జీవితంలో ఒక్క సర్టిఫికెట్టూ లేదు. పరీక్షకి పాఠ్యపుస్తకం ఏది? మా పుస్తకమే. ఆ ముక్క విని బావ పగలబడి నవ్వాడు. వచ్చినవాళ్లందరికీ చెప్పి మరీ నవ్వాడు. రెండోరోజు నేను ఉత్తర్వు వెనకపేజీ చదివి వినిపించాను. పద్ధతికి యాభై మార్కులు, రుచికి యాభై. పుస్తకంలో ఉన్నదానికి ఒక్కటి ఎక్కువ చేసినా, తక్కువ చేసినా పద్ధతికి సున్నా. మొత్తంమీద యాభై వస్తే గట్టెక్కినట్టు. బావ నవ్వు ఆగిపోయింది.

పాఠాలు పోతే ఏం, హోటల్ ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. హోటల్లో పొయ్యి వెనక ఆయన ఎవరికీ కనపడడు. ఇంట్లో మా అక్క మాట్లాడుతుంది, ఆయన వింటాడు. నలభైమంది నోరు మూసుకుని ఆయన మాట వినేది ఆ తరగతిగది ఒక్కటే. అక్కడికి వెళ్లే రోజున చొక్కా ఇస్త్రీ తనే రెండుసార్లు చూసుకునేవాడు. అది పోతే బావ ఉన్నా లేనట్టే. ఈ విషయం నాకు తెలుసు, మా అక్కకీ తెలుసు.

పరీక్షకి ముందు పుస్తకం ప్రకారం వండటం సాధన చేశాడు. నేను గట్టిగా చదవడం, ఆయన చెయ్యడం. చెయ్యి మాట వినేది కాదు. "బావా, అది రాయలేదు" అని నేను, "నోరుముయ్" అని ఆయన. ఎలాగో కళ్లు మూసుకుని ఒక కోడి వేయించాడు. మా అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇదెవరు చేశారండీ? కొత్త వంటవాణ్ణి పెట్టుకున్నారా?" అంది. బావ కూడా ఒక ముక్క తిన్నాడు. ఇరవై రెండేళ్లలో తన పుస్తకంలోని వంట ఆయన తినడం అదే మొదటిసారి. రెండో ముక్క తినలేదు.

పరీక్షకి కూరగాయలు కడిగి అందించడానికి ఒక మనిషిని వెంట తెచ్చుకోవచ్చన్నారు. నేనే వెళ్లాను. తెల్ల టైల్స్ గది, పన్నెండు పొయ్యిలు. ఒక్కో పొయ్యి పక్కన తక్కెడ, చెంచాలు, మా పుస్తకం. బావ పొయ్యి దగ్గరికి మార్కుల కాగితం అట్ట పట్టుకుని వచ్చిన అధికారి కొలతల పిల్ల. కళ్లజోడు వచ్చింది, జుట్టులో ఒకటీ రెండూ తెల్లవెంట్రుకలు. "నమస్తే సార్" అంది. బావ ఇరవై రెండేళ్ల గురువుగారి గొంతుతో "ఏమ్మా..." అని మొదలుపెట్టి, "బాగున్నారా మేడమ్" అని ముగించాడు.

డబ్బాలోంచి చీటీ తీశాడు. ఉల్లిపాయ సూపు.

ఉల్లిపాయలు తరగడం, వెన్నలో వెయ్యడం, మంట తగ్గించడం అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. ఆవిడ ఒక్కొక్కదానికీ టిక్కు పెడుతూ పోయింది. ఉల్లి ఎర్రబడింది. గిన్నె అడుగున గోధుమరంగు పొర పట్టింది. ఇక్కడ పుస్తకంలో "వెంటనే నీళ్లు పోయవలెను" అని ఉంటుంది. బావ చెయ్యి నీళ్ల చెంబు మీదకి వెళ్లి ఆగింది. ఆయన చెంచాడు నీళ్లు మాత్రం తీసుకుని అడుగున చిలకరించి, గరిటతో ఆ పొరని గీకి ఉల్లిలో కలిపాడు. ఇగిరిపోనిచ్చి, మళ్లీ పొర పట్టనిచ్చి, రెండోసారి చేశాడు. మూడోసారి కూడా చేశాడు. ఆ గది నిండా మా హోటల్ వాసన వచ్చింది.

ఆవిడ టిక్కులు పెట్టడం ఆపేసింది.

సూపు పోసి ఇచ్చాడు. పరీక్ష పెట్టేవాళ్లు ఒక చెంచా తాగి ఊరుకుంటారు. ఆవిడ రెండు తాగింది.

"ఇది పుస్తకంలో లేదు సార్."

"అలవాటు," అన్నాడు బావ. "చెయ్యి ఆగలేదు."

"మిగతావాటిలో కూడా ఉన్నాయా ఇలాంటి అలవాట్లు?"

నేను సింకు వైపు తిరిగి, కడిగిన ఉల్లిపాయలే మళ్లీ కడిగాను.

"ఉన్నాయి."

"ఎన్నిట్లో?"

"అన్నిట్లో."

ఆవిడ కాగితంమీద పద్ధతికి సున్నా వేసింది, రుచికి యాభైకి యాభై వేసింది. కింద సంతకం పెట్టి పక్క పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. రుచికి ఒక్క మార్కు తగ్గించినా బావ పని అయిపోయేది. ఎవరూ ప్రశ్నించేవాళ్లు కూడా కాదు.

సర్టిఫికెట్టు వచ్చింది. మా అక్క దానికి అద్దం కట్టించింది. కాలేజీలో బావకి దండ వేశారు. ఆయన దండ మెడలో ఉండగానే తరగతికి వెళ్లి, ఆ రోజు పాఠంలో దాచిన మెట్టు పిల్లలకి చెప్పేశాడు. ముందు వరసలో ఒక కుర్రాడు లేచి, "అది సిలబస్‌లో లేదు కదా సార్, చేస్తే మార్కులు పోతాయి" అన్నాడు. ఎవరూ రాసుకోలేదు.

అప్పుడు బావ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. అరవై వంటలు, అరవై మెట్లు. నేను రాసిపెడతానంటే ఒప్పుకోలేదు. "ఇది నేనే రాయాలిరా" అన్నాడు. కోడికాళ్లలాంటి ఆ అక్షరాలతో పదిరోజులు కుస్తీపట్టి పూర్తిచేసి, నన్ను తోడు తీసుకుని బోర్డు ఆఫీసుకి బయలుదేరాడు. దారిపొడుగునా ఒకటే మాట. "తిడుతుందిరా. తిట్టనీ. తిడితే బాగుంటుంది."

ఆవిడ తిట్టలేదు. కుర్చీలు చూపించి, కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. సూపు ఉన్న కాగితం దగ్గర కాసేపు ఆగింది. తరువాత అన్నిటినీ సమంగా సర్ది, పైన అందినట్టు ముద్ర వేసి, తేదీ వేసింది. "పుస్తకం మార్చాలంటే కమిటీ కూర్చోవాలి సార్. పంపిస్తాను" అంది.

"అది కాదమ్మా," అన్నాడు బావ. మేడమ్ అనడం మరిచిపోయాడు. "ఇది నీకోసం తెచ్చాను. నీ చేతిలో ఏ లోపమూ లేదు. ఇప్పుడు చేసి చూడు."

"నేను వంట మానేసి చాలా ఏళ్లయింది సార్. నా చేతికి రుచి లేదని పెళ్లికి ముందే ఆయనకి చెప్పేశాను. పాపం, ఇంట్లో ఆయనే వండుతారు."

బావ ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బాగా వండుతాడా?" అన్నాడు.

"శ్రద్ధగా వండుతారు సార్, మీ పుస్తకం చూసి," అందావిడ. "ఏదో కొంచెం తక్కువైనట్టుంటుంది. పిల్లలకి అదే అలవాటైపోయింది."