కొండ అవతలి దండేలు

లాండ్రీ ఆయనకు వానంటే పడదు. ఆస్పత్రి దుప్పట్లు, లాడ్జి తువ్వాళ్ళు ఉతకడం మంచినీళ్ళ ప్రాయమే కానీ, వానాకాలంలో వాటిని ఆరబెట్టడం ప్రాణం మీదికొచ్చేది. ఒక ఏడు ముక్కవాసన ఎంతగా పెరిగిందంటే, మీ తువ్వాలుతో తుడుచుకున్నవాళ్ళు మళ్ళీ స్నానానికి వెళ్తున్నారని లాడ్జి యజమాని కబురు పెట్టాడు.

ఆ మాట పడలేక ఆయన, బడిలో పాఠాలు చెప్పే వదిన దగ్గరికి వెళ్ళి, వానకు మన ఊరిమీదే ఎందుకింత కక్ష అని అడిగాడు. ఆవిడ వంకాయలు తరుగుతూనే విడమరిచింది. వేసవిలో నేల పెనంలా కాగుతుంది, సముద్రం అంత తొందరగా వేడెక్కదు. నేలమీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది తడిగాలి తోసుకొస్తుంది. కొండ అడ్డం వచ్చేసరికి పైకెక్కుతుంది, ఎక్కేకొద్దీ చల్లబడి నీళ్ళన్నీ ఇటువైపే కుమ్మరిస్తుంది. కొండ దాటేసరికి దానిదగ్గర మిగిలేది అంతంతమాత్రమే.

"అయితే అవతల వాన పడదా వదినా?"

"ఈ గాలికి పెద్దగా పడదు. కానీ..."

ఆ 'కానీ' వినడానికి మరిది అక్కడుంటే కదా!

కాస్త ఆగి చూద్దామని భార్య మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. కొండ అవతల ఖాళీ జాగా చూసి దండేలు కట్టేశాడు. ఇవతలి పాత జాగాను నూలుకు రంగులద్దే ఆయనకు ఇచ్చేస్తూ, గాలి కొండెక్కే వైనమంతా ఉచితంగా బోధించాడు. ఇటు అద్దకం ఆయన నూలు నీళ్ళు కారుతుంటే, అటు దుప్పట్లు అప్పడాల్లా ఎండాయి. లాండ్రీ ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ వానాకాలం వెనకబట్టింది. ఒకరోజు ఆస్పత్రి దుప్పట్లన్నీ ఆరేసి నిలబడ్డాడో లేదో, ఎప్పుడూ ముఖానికి తగిలే గాలి వీపుకు తగిలింది. తిరిగి చూసేలోపే ఆకాశానికి చిల్లు పడింది. ఒక దుప్పటి ఆయన్ను నిలువునా చుట్టేసింది. అందులోంచే భార్యకు ఫోన్ చేసి, అక్కడెలా ఉందని అడిగాడు.

"ఎండ దంచేస్తోంది. అద్దకం ఆయన నూలు ఆరేసుకుని పాటలు పాడుతున్నాడు."

తడిసిన బట్టలతోనే వదిన గుమ్మం ఎక్కాడు. చలికాలం వచ్చేముందు నేల తొందరగా చల్లబడుతుందని, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుందని, అప్పుడు గాలి వెనక్కి మళ్ళి అవతలి సముద్రం మీంచి తడి మోసుకొచ్చి కొండ అవతల దింపుతుందని ఆవిడ చెప్పింది.

"ముందే చెప్పొచ్చుగా వదినా?"

"నువ్వు గేటు దాటాక కూడా చెబుతూనే ఉన్నాను. వంకాయలు శ్రద్ధగా విన్నాయి."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మర్నాడే అద్దకం ఆయన దగ్గరికి వెళ్ళి, రెండు జాగాలూ ఇద్దరివీ అనుకుందాం, ఏ కాలానికి ఏది పొడిగా ఉంటే అక్కడ ఆరేసుకుందాం అని బతిమాలాడు. గాలి గురించి ఇక నోరెత్తకూడదనే షరతుమీద అద్దకం ఆయన ఒప్పుకున్నాడు.

ఆ ఏర్పాటు ఇప్పటికీ సాగుతోంది. గాలి అటా ఇటా అని తేల్చుకోలేక రెండువైపులా తడిపే రోజులు మాత్రం కొన్ని వస్తాయి. అప్పుడు లాడ్జి తువ్వాళ్ళు పడకగదిలో వేలాడతాయి. భార్య ఫ్యాను కింద ఉన్న సగం గది వాటికి ఇచ్చి, మిగతా సగంలో తను పడుకుంటుంది. లాండ్రీ ఆయన పడక వరండాలో.