కృపమ్మక్క పట్టిన దీర్ఘం

డిసెంబరు ఇరవై ఒకటి, ఆదివారం, పగలు పదకొండుంబావు. కృపమ్మక్క వేళ్లు హార్మోనియం మెట్ల మీద ఆగిపోయిన గడియ అది. ఏళ్లు గడిచాయి. మా గుడిలోకి ఇప్పుడు కీబోర్డు వచ్చింది. మొన్న ఆరాధనకు ముందు ఎవరో దాని మీట ఒకటి నొక్కి వదలకుండా పట్టుకున్నారు. ఒకటే స్వరం, సన్నగా, తెగకుండా చెవిలోకి దిగింది. నేను లేచి బయటికి వచ్చి చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె ఎవరో చెప్పాలి.

కృపమ్మక్క తోటపల్లి గూడూరు దగ్గర మా పేటలో జాకెట్లు కుట్టేది. పదకొండు నెలలు మిషను మీద వంగి, ఎవరు పలకరించినా కసిరే మనిషి. డిసెంబరులో మాత్రం వేరే మనిషి. పండగ ఒక్కరోజే అయినా దానికి ముందు నెలంతా సెమీ క్రిస్మసులు. ఈపూట మా గుడి, రేపు రొయ్యల గుంటల అవతలి పల్లె, ఎల్లుండి నాయుడుపేట వైపు ఏదో బడి. హార్మోనియం పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని, దుమ్ము పడకుండా కొంగు కప్పి, దారంతా నవ్వుతూనే ఉండేది. అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైనది పాట కాదు. పాట నంబరు చెప్పగానే జనమంతా ఒక్కసారి పుస్తకాలు తిప్పే చప్పుడు. వాన మొదలైనట్టుంటుందని కళ్లు మూసుకుని వినేది.

ఒక వానాకాలంలో పక్షవాతం వచ్చి ఆమె ఎడమ చెయ్యి పడిపోయింది. మూతి కూడా కొంచెం వంకర పోయింది. కుడి చెయ్యి మెట్ల మీద ఆడుతుంది సరే, వెనక తిత్తి ఊపి గాలి నింపాల్సింది ఎడమ చెయ్యి కదా. గాలి లేకపోతే ఆ మెట్లు వట్టి కొయ్యముక్కలు. నేను ఆమె పొరుగింటిదాన్ని, సువార్తమ్మను, రొయ్యల గుంటల్లో మేత చల్లే పని నాది. నన్ను పిలిచి పెట్టె పక్కన కూర్చోబెట్టి, "నీ చెయ్యి నాకియ్యిమే" అంది. అడిగినట్టు లేదు, అప్పగించినట్టు ఉంది.

మొదట్లో నేను ఊపిన గాలి పాటకు అడ్డం పడేది. ఎప్పుడు ఎంత ఊపాలో తెలియక ఆమె మొహం చూస్తుండేదాన్ని. "నా మూతి చూస్తే ఏం తెలస్తాదిమే, అది వంకరగా ఉండాది. అచ్చరం చూడు" అని కసిరింది. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. పాటల నంబర్లు తెలుసు గానీ వాటి కిందున్నదంతా నాకు చీమలబారే. ఆమె అ ఆలతో మొదలుపెట్టలేదు. పాటల పుస్తకం తెరిచి దీర్ఘం మీద వేలు పెట్టింది. "రొయ్యలకి మేతెయ్యవా నువ్వు? అట్టనే. తలకట్టుకి చిటికెడు గాలి, దీర్ఘానికి దోసెడు." ఆ కొలతతోనే ఏడాది తిరిగేసరికి పుస్తకమంతా చదివాను. బస్సు మీది ఊరి పేరు ఎవరినీ అడగకుండా చదువుకుని ఎక్కింది అప్పుడే.

ఆ డిసెంబరు ఇద్దరం కలిసి ఒక్క పిలుపూ వదల్లేదు. డోలక్ వాయించే దానియేలు, ఒకరు వండుతుంటే ఇంకొకరు పొయ్యి ఊదుతున్నట్టుందని ఎగతాళి చేశాడు. "నీకు రెండు చేతులుండాయి గదా అబ్బయ్యా, అయినా తాళం తప్పుతుండావే" అని కృపమ్మక్క అతని నోరు మూయించింది.

మరుసటి ఏడు నెల్లూరు డాక్టరు, ఇంకోసారి వస్తే మనిషి దక్కదు, కదలకుండా కూర్చోబెట్టండి అన్నాడు. ఆమె కూతురు నిర్మల గుంట గట్టు మీదికి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను తిత్తి పట్టకపోతే వాళ్లమ్మకు వాయించడం కుదరదు. చెయ్యి నొప్పని చెప్పి ఒక్క నెల తప్పుకో చిన్నమ్మా అని ఏడ్చింది. సరేనన్నాను. వెళ్లి అలాగే చెప్పాను కూడా.

కృపమ్మక్క నా చెయ్యి పట్టి తిప్పి చూసింది. "అబద్దం చెప్పేదానికన్నా ముందు గాలి సరిగ్గా తీసుకోమే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈ నెల కోసరమే తక్కిన పదకొండు నెలలు బతుకుతుండా. ఇది గూడా తీసేస్తే నాకేం మిగల్తాది, చెప్పు" అంది.

చెయ్యి ఇచ్చాను. డాక్టరు మాట తెలిసే ఇచ్చాను. తెలియక చేసిందని నన్ను ఎవరూ వెనకేసుకు రావద్దు.

ఆ ఆదివారం మా గుడిలోనే సెమీ క్రిస్మస్. జనం కిక్కిరిసి ఉన్నారు. పుస్తకాలు తిప్పిన చప్పుడుకు ఆమె చిన్నపిల్లలా నవ్వింది. ఆ పాట 'రాజా' అనే మాటతో ముగుస్తుంది. దీర్ఘం. దోసెడు గాలి పోశాను. ఆమె మూడు వేళ్లు మెట్ల మీద దిగాయి, లేవలేదు. సంతోషం పట్టలేక సాగదీస్తోందనుకున్నాను. జనమూ అలాగే అనుకున్నారు. చప్పట్లు కొట్టి, ఆ స్వరం మీదే పల్లవి మళ్లీ ఎత్తుకున్నారు. పాస్టరు అయ్యగారు చేతులు పైకెత్తారు. నేను ఊపుతూనే ఉన్నాను. నా చూపు ఆమె నేర్పినట్టే అక్షరం మీద ఉంది, ఆమె మొహం మీద లేదు. పల్లవి రెండుసార్లు అయింది. దానియేలు డోలక్ ఆపి నా మణికట్టు పట్టుకున్నాడు. గాలి తగ్గి స్వరం సన్నబడి పోయింది. అప్పుడు తలెత్తి చూశాను. ఆమె తల పెట్టె మీద వాలి ఉంది.

పాడుతూ పాడుతూ దేవుని దగ్గరికి పోయిందని ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది. నేను చెప్పను. ఆమె ఎలా పోయిందో పక్కనే ఉండి కూడా నేను చూడలేదు. నిర్మల ఆనాటి నుంచి నాతో మాట్లాడదు. అది న్యాయమే. ఇప్పుడు నేను గుడిలో వాక్యం చదువుతాను. దీర్ఘం వచ్చినచోటల్లా ఆగి, తలెత్తి, ఎదురుగా ఉన్నవాళ్ల మొహాలు చూసి మళ్లీ చదువుతాను. నిదానంగా చదువుతుందని నవ్వుతారు. నవ్వనీ.

ఆమె నేర్పిన అక్షరాలతోనే, ఆరోజు ఆ పెట్టె చుట్టూ ఉన్నవాళ్ల పేర్లు రాసి పెడుతున్నాను. యోహాను అయ్యగారు. అమ్మగారు లీలావతి. డోలక్ దానియేలు. పాటల వరసలో మరియమ్మ, సుందరమ్మ, ఎస్తేరు, రూతమ్మ. కిటికీ పక్కన పెద్ద పౌలు, ఆయన తమ్ముడు జక్కరయ్య. తిత్తి మీద చేత్తో నేను. తలుపు దగ్గర, వాళ్లమ్మ మధ్యాహ్నం మాత్రలు గుప్పిట్లో పట్టుకుని, నిర్మల.